గోగు చెరువు వాసన

దసరా ముందూ వెనకా మా ఊరి మీదుగా వెళ్లే బస్సుల్లో జనం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవారు. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. రోడ్డు పక్క చెరువులో గోగుకట్టలు ఊరుతుండేవి. కుళ్లిన గుడ్ల కంపు. మాకు మాత్రం అది కొత్త బట్టల వాసన. నార అమ్ముడయితేనే మాకు గౌన్లు.

పూత మీదున్న గోగును నాన్న మొదలంటా కోసి, రెండు మూడు రోజులు చేలోనే ఆకు రాలనిచ్చి, కట్టలు కట్టి నీళ్లలో ముంచి పైన బరువు పెట్టేవాడు. పది రోజులు దాటాక రోజూ సాయంత్రం ఒక కాడ లాగి, మొదలు విరిచి చూసేవాడు. పుల్ల మీంచి నార జారి వచ్చేస్తే ఊరినట్టు. తొందరపడితే బెరడు నారకే అంటుకుపోతుంది. ఆలస్యం చేస్తే నార చేతిలోనే తెగిపోతుంది.

ఆ పని నీళ్లదే అనుకునేదాన్ని. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాక తెలిసింది, బాక్టీరియాదని. నార పోగుల్ని పుల్లకు అతికించి ఉంచే జిగురు పెక్టిన్. చెరువులోని బాక్టీరియా ముందు ఆ జిగురును తింటుంది. ఇంకా ఉంచితే నార వంతు, అంటే సెల్యులోజ్ వంతు వస్తుంది. ఆ రెండు ముద్దల మధ్య వ్యవధి కోసమే నాన్న రోజూ చెరువు గట్టుకి వెళ్లేవాడన్నమాట. మైక్రోస్కోపు పేరు కూడా వినని మనిషి అంత కచ్చితంగా దాన్ని పట్టుకున్నాడే అని ఆరోజు క్లాసులో నాకు కళ్లు చెమర్చాయి.

నష్టమంతా చెరువుకే. ఆ కుళ్లును తింటూ సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటాయి. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి. గేదెలు ఆ నీళ్లకి మూతి పెట్టేవి కావు. నార కడిగే అమ్మకి కాళ్లు పాచిపోయి ఒకటే దురద. అయినా కంపు కొట్టే నీళ్లను ఎవరూ తాగరు కదా! 2024 అక్టోబరులో మా పక్క గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు నన్ను భయపెట్టింది ఇంకొకటి. విరేచనాలు తెచ్చే క్రిములు ఏ వాసనా లేని, తేటగా కనిపించే బిందెడు నీళ్లలో ఉండగలవు. ఇప్పటికీ ఇంటికి ఫోన్ చేస్తే ముందు అడిగేది నీళ్లు కాచారా అనే.

మామ్మ తరవాణి కుండది ఇంకో వాసన, పుల్లటిది. అన్నం వార్చిన గంజి, బియ్యం కడుగు రోజూ అందులోకే. ఒకసారి సాయం చేద్దామని కుండను బూడిదతో తోమి బోర్లించాను. "కుండ కడిగీసినావేటే గుంటా! అడుగున కాస్తుంచాలని సెప్పనేదా?" అని మామ్మ నెత్తి కొట్టుకుంది. ఆ అడుగు నీళ్లే విత్తనం. అందులోని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, ఆ పులుపులో చెడగొట్టే క్రిములు చాలావరకు నిలవలేవు. పొరుగింటి నుంచి చెంబుడు అడిగి తెచ్చి పోస్తే గానీ మా కుండ మళ్లీ దారికి రాలేదు.

ఇప్పుడు విజయనగరంలో ఒక ల్యాబ్‌లో కల్చర్లు చూస్తాను. మూత్రాన్ని క్రిముల మేత పోసిన ప్లేటు మీద గీసి 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచితే, ఇ.కోలై అనే బాక్టీరియా ఉంటే పొద్దుటికి గులాబీ రంగు చుక్కలు తేలతాయి. పేగుల్లో బుద్ధిగా కాపురముండే జీవే, మూత్రనాళంలోకి చేరితే మంట, జ్వరం. తర్వాత దాన్ని ఇంకో ప్లేటంతా పరిచి యాంటిబయాటిక్ అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ వస్తుంది.

కిందటి నెల ఒక రైతు ప్లేటు చూశాను. పన్నెండు బిళ్లల్లో పదింటి అంచుదాకా నారుమడిలా పెరిగిపోయింది. వాటిలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి తీశారు. దాన్ని తీసిన పరిశోధనశాలకు అప్పుడు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ బిళ్ల చుట్టూ కూడా ఖాళీ లేదు.

"మంటొచ్చినప్పుడల్లా మందుల షాపులో రెండు మాత్రలు కొనుక్కుని ఏసుకునీవోడిని. తగ్గితే ఆపీసీవోడిని" అన్నాడాయన. రెండు మాత్రలకి బలహీనమైనవి చస్తాయి. తట్టుకున్నవి మిగిలి, అవే సంతానం పెడతాయి. పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు.

రిపోర్టులో మిగిలినవి రెండే పేర్లు, రెండూ ఇంజెక్షన్లే. "గోళీ రాయించమ్మా, పొలం పనులున్నాయి" అని బతిమాలాడు. రాసేది నేను కాదని డాక్టరుగారి దగ్గరికి పంపాను. వారం రోజులు పొద్దుటి బస్సుకి వచ్చి సూది వేయించుకుని వెళ్లాడు. ఆఖరి రోజు మా కౌంటరు మీద గోంగూర కట్ట పెట్టాడు.

"మీ వైపు గోగు ఇంకా వేస్తున్నారా బాబూ?" అని అడిగాను.

"ఆకుకే తల్లీ. నారకి ఎవులేస్తన్నారు ఇప్పుడు?"