సరయేవో: ఇలిజా ట్రామ్ నుంచి లాటిన్ వంతెన దాకా

బోస్నా రాజధాని సరయేవో వెళ్లినవాళ్లలో ఎక్కువమంది బష్‌చార్షియా బజారులో చెవాపీ అనే కబాబులు తిని, అక్కణ్నుంచి 1914లో ఆస్ట్రియా-హంగరీ యువరాజును కాల్చి చంపిన లాటిన్ వంతెన దగ్గరికి నడిచి, గోడ మీది ఫలకం పక్కన ఫొటో దిగి, పది నిమిషాల్లో మొదటి ప్రపంచ యుద్ధాన్ని ముగించేస్తారు. నేను ఆ వంతెనను చివరికి పెట్టుకున్నాను. మీకూ అదే చెబుతాను. ట్రామ్ మూడో నంబరు ఎక్కి ముందు ఊరి పడమటి కొసన ఉన్న ఇలిజాకు వెళ్లండి. టికెట్టు కియోస్కులోనే కొనుక్కోండి, ఎక్కగానే మెషిన్లో కొట్టించడం మరవకండి. జేబులో టికెట్టున్నా కొట్టించకపోతే తనిఖీవాళ్లు జరిమానా రాస్తారు.

ఇలిజా వేడినీటి బుగ్గల ఊరు. చెట్లు బారులు తీరిన పొడవాటి బాట, దాని మొదట్లో ఆస్ట్రియా, హంగేరియా, బోస్నా అన్న పేర్లతో కట్టిన హోటళ్లు. ఈ మూడు పేర్లూ వరసగా చదివితే చాలు, ఆ కాలపు రాజకీయం అర్థమైపోతుంది. 1878 బెర్లిన్ మహాసభలో బోస్నాను ఆక్రమించి పాలించే హక్కు ఆస్ట్రియా-హంగరీకి దక్కింది. కాగితం మీద మాత్రం అది ఇంకా ఒట్టోమన్ సుల్తానుదే. కొత్త రాజ్యాన్ని వియన్నా కింద పెట్టాలా, బుడాపెస్ట్ కింద పెట్టాలా అన్నది తేలక, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఆర్థిక మంత్రిత్వ శాఖ చేతిలో పెట్టారు. పాలన ఖర్చు బోస్నా ఆదాయంలోంచే రావాలని 1880లో చట్టం కూడా చేశారు. ఏలేది వాళ్లు, ఖర్చు మీది అన్నమాట. ఈ పద్ధతి మన మద్రాసు ప్రెసిడెన్సీ జనానికి కొత్తేమీ కాదు. 1908 అక్టోబరులో ఆ కాగితపు ముసుగు కూడా తీసేసి బోస్నాను తమలో కలిపేసుకున్నారు. సెర్బియా మండిపడింది, దానికి అండగా నిలిచిన రష్యా అవమానంతో వెనక్కి తగ్గింది. 1914లో రష్యా మళ్లీ తగ్గడానికి ఒప్పుకోకపోవడానికి ఈ అవమానం ఒక ముఖ్య కారణం.

అప్పుడు వేసిన రైలు దారి కూడా ఇదే కథ చెబుతుంది. బ్రోద్ నుంచి సరయేవోకు 1882లో చేరిన ఆ లైను పట్టాల మధ్య ఎడం 76 సెంటీమీటర్లు. కొండల్లో వంపులు తిప్పడం సులువు, ఖర్చు తక్కువ. కానీ సామ్రాజ్యపు పెద్ద లైను మీద వచ్చిన ప్రతి మూటా, ప్రతి సైనికుడూ బ్రోద్‌లో దిగి మళ్లీ చిన్న బండి ఎక్కాల్సిందే. కలప, బొగ్గు బయటికి పోవడానికి ఈ ఏర్పాటు సరిపోయింది. పొలాల సంగతి మాత్రం ముట్టుకోలేదు. కమెత్ అని పిలిచే కౌలు రైతు పంటలో మూడో వంతు భూస్వామికి, పదో వంతు సర్కారుకు కట్టేవాడు. ఒట్టోమన్ల కాలపు ఈ లెక్కను ఆస్ట్రియా దాదాపు అలాగే ఉంచేసింది. 1914లో యువరాజును కాల్చిన గవ్రీలో ప్రిన్సిప్ పుట్టింది అలాంటి కమెత్ ఇంట్లో.

యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, భార్య సోఫీ బస చేసింది ఇలిజాలోని హోటల్ బోస్నాలో. 1914 జూన్ 28 ఆదివారం పొద్దున ఇక్కడ రైలెక్కి ఊళ్లోకి వచ్చి, అక్కణ్నుంచి కార్లలో బయల్దేరారు. మీరూ వాళ్ల దారిలోనే వెళ్లొచ్చు. ఇప్పటి ట్రామ్ పాత ఊళ్లో వలయంగా తిరుగుతుంది. వెళ్లేటప్పుడు నది ఒడ్డునే తూర్పుగా పోయి, లోపలి వీధుల్లోంచి తిరిగి వస్తుంది. అయినా చూస్తూ పోవాలంటే మారియిన్ ద్వోర్‌లో దిగి, మిల్యాట్‌స్కా నది ఒడ్డు పట్టుకుని తూర్పుగా నడవండి. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఈ ఒడ్డు వీధికి అప్పటి పేరు అపెల్ క్వే, ఇప్పుడు ఒబాలా కులీనా బానా.

యువరాజును చంపడానికి ప్రిన్సిప్‌తో కలిపి ఆరుగురు ఈ ఒడ్డు మీదే వేర్వేరు చోట్ల కాపు కాశారు. మొదట చుముర్యా వంతెన వస్తుంది. ఆ దగ్గర మెహ్మెద్‌బాషిచ్, వాసో చుబ్రిలోవిచ్, చాబ్రినోవిచ్ నిలబడ్డారు. మొదటి ఇద్దరూ ఏమీ చేయలేకపోయారు. చాబ్రినోవిచ్ బాంబు విసిరాడు. సెర్బియాలోని క్రాగుయెవాత్స్ ఆయుధాగారంలో తయారైన ఆ బాంబుకు మూత తీసి, మొనను గట్టి వస్తువుకు కొడితే నిప్పు రాజుకుంటుంది. అయితే పేలడానికి పది సెకన్లకు పైనే పడుతుంది. వెంటనే విసిరితే పేలేలోపు కారు దాటిపోతుంది, చేతిలో పట్టుకుని లెక్కపెట్టేంత గుండె ధైర్యం పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఎక్కణ్నుంచి వస్తుంది? అది యువరాజు కారు మడత టాపు మీద పడి, జారి, వెనక కారు కింద పేలింది. అతను సయనైడ్ మింగి నదిలోకి దూకాడు. విషం పాడైపోయి వాంతులు తప్ప ఏమీ కాలేదు. ఎండాకాలం, నదిలో నీళ్లు చీలమండ లోతు. గట్టు మీద నిలబడి కిందికి చూడండి, ఇప్పటికీ ఎండల్లో రాళ్లు తేలి కనిపిస్తాయి.

ఇంకాస్త ముందుకు పోతే వియెచ్‌నిత్సా, అంటే పాత పురపాలక భవనం. 1896లో కట్టిన ఈ భవనానికి ఇస్లామిక్ కమానులూ చారలూ పెట్టింది ఆస్ట్రియా వాళ్లే. స్థానిక సంప్రదాయమంటే ఇలా ఉండాలని వియన్నా ఊహించుకున్న అలంకారం అది. 1992 ఆగస్టులో సెర్బు దళాల ముట్టడిలో జాతీయ గ్రంథాలయంగా ఉన్న ఈ భవనం తగలబడింది. బాగుచేసి 2014 మేలో తెరిచారు. లోపలికి టికెట్టుంది, కొనండి. బాంబు దెబ్బ తర్వాత యువరాజు మేయరు ఉపన్యాసాన్ని మధ్యలో ఆపి విసుక్కున్నది ఇక్కడే.

తర్వాత జరిగినదాన్ని అందరూ డ్రైవరు తప్పు మలుపుగా చెబుతారు. నాకు అది డ్రైవరు తప్పుగా అనిపించదు. బాంబుకు గాయపడిన అధికారిని చూడటానికి నేరుగా ఒడ్డు వెంటే పోదామని భవనంలో నిర్ణయించారు. ఆ మాట డ్రైవరు లోయ్‌కాకు ఎవరూ చెప్పలేదు. అతను పాత పథకం ప్రకారమే లాటిన్ వంతెన దగ్గర కుడికి తిప్పాడు. గవర్నరు పోటియోరెక్ అరిచాడు, కారు ఆగింది. ప్రిన్సిప్ ఆ మూలన షిల్లర్ దుకాణం ముందు ఉన్నాడు. అతను శాండ్‌విచ్ తింటున్నాడన్న కథను గైడ్లు ఇప్పటికీ చెబుతారు. నమ్మకండి, దానికి ఆధారం లేదు.

మూల మీద నిలబడి చూస్తే పుస్తకాల్లో తట్టని సంగతి ఒకటి తడుతుంది. మళ్లీ దాడి జరిగితే నది వైపు నుంచి వస్తుందని కారు యజమాని కౌంట్ హారాఖ్ ఎడమ మెట్టు మీద నిలబడి తన శరీరాన్ని అడ్డం పెట్టాడు. మలుపు కుడికి. షిల్లర్ దుకాణమూ కుడివైపే. ప్రిన్సిప్‌కు ఒకటి రెండు మీటర్ల దూరంలో అడ్డేమీ లేదు. రెండే గుళ్లు. రెండోది పోటియోరెక్‌కు పెట్టినదని, అది సోఫీకి తగిలిందని అతను విచారణలో చెప్పాడు.

ఆ దుకాణమే ఇప్పుడు ‘సరయేవో 1878–1918’ మ్యూజియం. ఒక్క గది, ముప్పావు గంట చాలు. ఆదివారం మూసి ఉండటం ఎక్కువ, ముందే కనుక్కోండి. బయటి గోడ మీద ఎవరి ఫలకం ఉండాలన్నది ఎప్పుడు ఎవరు ఏలుతున్నారన్న దాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1917లో ఆస్ట్రియా యువరాజు దంపతులకు స్మారకం కట్టింది, సామ్రాజ్యం కూలగానే దాన్ని పీకేశారు. 1930లో ప్రిన్సిప్‌కు ఫలకం. 1941లో నాజీలు దాన్ని ఊడదీసి హిట్లర్‌కు పుట్టినరోజు కానుకగా పంపారు. యుగోస్లావియా అధినేత టీటో కాలంలో వంతెనకే ప్రిన్సిప్ పేరు, కాంక్రీటులో అతని పాదముద్రలు. 1992 యుద్ధంలో ఆ ముద్రలు పోయాయి, వంతెన మళ్లీ లాటిన్ అయింది. ఇప్పటి ఫలకం హత్య జరిగిందని మాత్రమే చెబుతుంది, వీరుడనీ అనదు, హంతకుడనీ అనదు. తూర్పు సరయేవోలో సెర్బులు మాత్రం 2014లో ప్రిన్సిప్ విగ్రహం పెట్టారు.

మ్యూజియంలో వెతికినా దొరకనిది ఒకటుంది: ఆ హత్యకూ బ్రిటన్ యుద్ధంలో దిగడానికీ మధ్య 37 రోజులు. ఈ ఊరి పని జూన్ 28తో అయిపోయింది. జులై మొదటి వారంలో బెర్లిన్ వియన్నాకు ఏం చేసినా అండగా ఉంటామని మాటిచ్చింది. జులై 23న సెర్బియాకు 48 గంటల గడువుతో హెచ్చరిక వెళ్లింది, 28న యుద్ధ ప్రకటన. 30న రష్యా సైన్యాన్ని పూర్తిగా కదిలించింది. రష్యాకు ఫ్రాన్స్‌తో పొత్తు ఉంది కాబట్టి, రెండు దిక్కులా పోరాడాల్సి వస్తుందని జర్మనీ ముందుగా ఫ్రాన్స్‌ను కొట్టే పథకం వేసుకుంది. ఆ దారి బెల్జియం మీదుగా పోతుంది. బెల్జియంలో అడుగుపెట్టగానే ఆగస్టు 4న బ్రిటన్ దిగింది. పొత్తులుంటే చాలు, యుద్ధం దానంతటదే వచ్చేస్తుందనుకోవడమూ తప్పే. జర్మనీ, ఆస్ట్రియాలతో ఒప్పందం ఉన్న ఇటలీ, అది ఆత్మరక్షణ ఒప్పందమేనంటూ పక్కకు తప్పుకుని, 1915లో అవతలి వైపు చేరింది. లాటిన్ వంతెన మీది తుపాకీ చప్పుడు తెలుగువాళ్లు తిరిగే మద్రాసుకు చేరడానికి 86 రోజులు పట్టింది. సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎండెన్ రేవులోని నూనె ట్యాంకులను పేల్చింది.

ఇరవై ఏళ్లు నిండనందుకు ప్రిన్సిప్‌కు ఉరి తప్పింది, ఇరవై ఏళ్ల జైలు పడింది. 1918 ఏప్రిల్ 28న క్షయతో తెరెజిన్ కోటలో చనిపోయాడు. అప్పటికి రష్యాలో జార్ చక్రవర్తి పోయి, లెనిన్ ప్రభుత్వం జర్మనీతో సంధి కూడా చేసేసింది. ఏడు నెలలకు దక్షిణ స్లావు జాతులను కలిపిన యుగోస్లావ్ రాజ్యం పుట్టింది, అతను కోరుకున్నదే. తోటివాళ్లతో కలిపి అతని ఎముకలు కొషెవో వైపున్న సెయింట్ మార్క్ శ్మశానంలోని చిన్న చాపెల్‌లో ఉన్నాయి. పాత ఊరి నుంచి నడిచే దూరమే, చివర ఎక్కుడు.

ఇక ఉపయోగపడే నాలుగు మాటలు. చెల్లుబాటయ్యే మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉన్న భారతీయులను బోస్నా విడిగా వీసా లేకుండా 30 రోజుల వరకు రానిస్తుంది. సింగిల్ ఎంట్రీతో వస్తే తిరిగి షెంజెన్‌లోకి పోలేక ఇరుక్కుంటారు. డబ్బు కన్వర్టిబుల్ మార్కుల్లో, యూరోకు 1.95583 చొప్పున కట్టేసి ఉంటుంది. చిన్న దుకాణాల్లో నగదే నడుస్తుంది. తిరుగు దారి వియన్నా మీదుగా పెట్టుకోగలిగితే, హాప్ట్‌బాన్‌హోఫ్ స్టేషనుకు దగ్గర్లోని ఆర్సెనల్ సైనిక మ్యూజియంకు వెళ్లండి. ఆ గ్రాఫ్ అండ్ ష్టిఫ్ట్ కారు, నెత్తురు మరకల యూనిఫారం, పిస్తోలు అక్కడే ఉన్నాయి. కారును ముందు నుంచి ఫొటో తీసుకుని వచ్చేయకుండా కుడివైపుకు తిరిగి చూడండి, సోఫీకి తగిలిన గుండు దూసుకుపోయిన రంధ్రం అటువైపే ఉంది.