మీటింగ్ అయిపోయేదాకా లేవకండి

నేనుండేది వనస్థలిపురంలో, మా ఊరు సాగర్ రోడ్డు మీద యాచారం వైపు. పోయిన ఎండాకాలం చిన్నాయన ఫోన్ చేసి "గుట్ట కింద మందుల కంపెనీ పడుతదంట బిడ్డా, పేపర్ల ఏసిన్రంట, జర సూడు" అన్నాడు. చూశాను. మందులకు ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ, దాని మీద ప్రజాభిప్రాయ సేకరణకు నోటీసు. భూమి అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. రెండేళ్లుగా ఎవరెవరో మధ్యవర్తులు వచ్చి, ఫామ్‌హౌస్ కట్టుకుంటామని చెప్పి, ఒక్కో పట్టాదారు దగ్గర ఎకరమూ రెండెకరాలూ కొంటూ పోయారు, అవన్నీ ఒకే కంపెనీకి చేరుతున్నాయని ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

అమ్మినవాళ్లను నేను ఒక్క మాట అనను. బోర్లు వేసి వేసి అప్పులైనవాళ్లు, ఆడపిల్లల పెళ్లిళ్లు నెత్తి మీదున్నవాళ్లు. నా బాధంతా అమ్ముకోవడానికి ఏమీ లేనివాళ్ల గురించి. గుట్ట కింద టమాటా, వంకాయ పండించేది కౌలు రైతులు. పక్కనున్న బీడులో మా ఊరి కురుమల మందలు మేస్తాయి. 2017లో ప్రభుత్వం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు ఇచ్చినప్పుడు మా ఊళ్లో కూడా తీసుకున్నారు. గొర్రెలైతే ఇచ్చారు, మరి మేసే జాగా పోతే వాటినేం చేసుకోవాలి?

ప్రభుత్వమే భూమి సేకరిస్తే 2013 చట్టం ప్రకారం మూడేళ్ల ముందు నుంచి ఆ భూమి మీద పనిచేసి బతుకుతున్న కౌలుదారు, కూలీ కూడా నష్టపోయిన కుటుంబం కిందికే వస్తారు. ఇలా కంపెనీ చిన్న చిన్న ముక్కలుగా సొంతంగా కొనుక్కుంటే వాళ్లు ఎవరి లెక్కలోకీ రారు. వాళ్లు నోరు తెరిచి మాట్లాడగలిగే చోటు ఒక్క ప్రజాభిప్రాయ సేకరణే, ఎందుకంటే అక్కడ పట్టా పాస్‌బుక్ ఉందా అని ఎవరూ అడగకూడదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఫ్యాక్టరీ వల్ల గాలికీ నీళ్లకూ నేలకూ ఏమవుతుందో చెప్పే కంపెనీ రిపోర్టు సారాంశం తెలుగులో ఉండాలి, మీటింగంతా వీడియో తీయాలి.

ఊరికే భయపడుతున్నారని కొందరు మిత్రులు నాతో అన్నారు. పటాన్‌చెరు మనకెంత దూరం? అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చే శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వదిలే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉంది. మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అక్కడి ఊళ్ల కోసం డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాలు కొట్లాడారు. అదంతా కళ్ల ముందున్నాక మా ఊరివాళ్లు భయపడటంలో తప్పేముంది?

మీటింగ్ రోజు సెలవు పెట్టి వెళ్లాను. షామియానా, రెండు వ్యాన్ల పోలీసులు. మొదట మాట్లాడినవాళ్లలో మా ఊరివాళ్లు తక్కువ, ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగాలొస్తాయని పొగిడినవాళ్లు ఎక్కువ. తర్వాత మా ఇంటి వెనకుండే కురుమ అవ్వ లేచింది. మైకు పట్టుకోవడం అదే మొదటిసారి, చెయ్యి వణికింది గానీ గొంతు వణకలేదు.

"మీ పుస్తకంల గా జాగ ఉత్త బీడు అని రాసిన్రంట గద సారూ. బీడు కాదు. నా గొర్లు ఆడనే మేస్తయి, ఆ కుంటలనే నీళ్లు తాగుతయి. కుంట ఖరాబైతే నేను గొర్లను యాడికి తోలాలె? జెప్పున్రి."

జనం చప్పట్లు కొట్టారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయితే ఒంటిగంట దాటేసరికి అందరూ లేచిపోయారు, కూలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు, ఇంటి దగ్గర పశువులున్నవాళ్లు, ఆకలేస్తున్నవాళ్లు. నేనూ చిన్నాయనతో అన్నానికి వెళ్లాను. అసలు తప్పు అక్కడ జరిగింది. మీటింగ్ చివర, ఎవరేం అన్నారో రాసినదాన్ని అక్కడున్న జనానికి తెలుగులో చదివి వినిపించాలి, ఆ తర్వాత అదే రోజు అధికారి సంతకం కావాలి. రూల్ అది. చదివేటప్పుడు "నేనలా అనలేదు" అని చెప్పడానికి మావాళ్లెవరూ అక్కడ లేరు.

కొన్నాళ్లకు పంచాయతీ ఆఫీసులో ఆ కాగితాలు అంటించారు. అవ్వ మాటలు వెతికాను. "గొర్రెల కాపరులు ఉపాధి గురించి అడిగారు" అని ఒక వాక్యం ఉంది. పక్కన కంపెనీ జవాబు, "స్థానికులకు ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తాం" అని. కుంట లేదు, నీళ్లు లేవు, మేత లేదు. అవ్వకు చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "నేను నౌకరి అడిగిన్నా బిడ్డా?" అంది.

ఆ వీడియో కాపీ కావాలని, అవ్వ మాటలు ఉన్నవి ఉన్నట్టు చేర్చాలని సంతకాలు పెట్టి అర్జీ పంపాం, ఇంకా జవాబు రాలేదు. ఇప్పుడు పక్క ఊరికి కూడా ఇలాంటి నోటీసే వచ్చింది. మీ ఊళ్లో కూడా పడితే తెలుగు సారాంశం ముందే తెప్పించి నలుగురూ కూర్చుని చదవండి, చెప్పదలచుకున్నది కాగితం మీద కూడా రాసివ్వండి, సద్ది కట్టుకుని వెళ్లండి, చదివి వినిపించేదాకా లేవకండి. పక్క ఊరి మీటింగుకి చిన్నాయన వాళ్లు పదిహేను మందికి వంట చేసి తీసుకెళ్తున్నారు. ఆ రోజు మందను మనవడికి అప్పజెప్పి అవ్వ కూడా వస్తానంది.