డేనిష్ పద్యానికి గురులఘువులు వేసిన నా అనుభవం

నిన్న సాయంత్రం గండం గట్టెక్కింది. కోపెన్‌హాగెన్‌లో నేను వెళ్ళే డేనిష్ తరగతిలో ఒక్కొక్కరం ఒక పద్యాన్ని బోర్డు మీద విశ్లేషించాలి. నాకు వచ్చింది ఆడమ్ ఓలెన్‌ష్లేగర్ 1819లో రాసిన ‘డెర్ ఎర్ ఎట్ ఒండిట్ లాన్’, డెన్మార్క్ జాతీయ గీతం. అర్థం రాయడం అరగంటలో అయిపోయింది.

పోయిన వారం ఛందస్సు దగ్గరే పరువు పోయింది. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని బడిలో గడగడా అప్పజెప్పిన ధైర్యంతో, ‘నేర్ సాల్టెన్ ఒస్టర్‌స్ట్రాన్’ అనే మూడో పాదానికి గురులఘువులు గుర్తించాను. పొల్లుతో కూడినది గురువు, దీర్ఘం గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. అలా ఆరుకి ఆరూ గురువులే వచ్చాయి. అదే బోర్డు మీద వేశాను. తరగతి అంతా నవ్వింది. టీచరు డస్టరుతో తుడిచేసి, “లెక్కపెట్టకండి, వినండి” అన్నారు. ఏమి వినాలో చెప్పలేదు. ఆ లెక్క ఎలా వచ్చిందని ఒక్క మాట అడిగి ఉంటే, మరో భాష ఛందస్సు అందరికీ తెలిసేది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

దారి చూపింది మా పక్కింటి పెద్దావిడ. పాదం చదువుతూ వంటింటి బల్ల మీద వేలితో తట్టారు. సాల్, ఒస్, స్ట్రాన్. మూడే దెబ్బలు. నేర్, టెన్, టర్ మెత్తగా జారిపోయాయి. అప్పుడు అర్థమైంది: మనకు అక్షరం పలికే కాలం ముఖ్యం, వాళ్ళకు నొక్కి పలకడం ముఖ్యం. ఒకటి తేలిక, ఒకటి బరువు, ఇలా సాగే నడకను యాంబె అంటారు. మొదటి చరణంలోని ఆరు పాదాల్లో అయిదింటికి మూడేసి దెబ్బలు. నేల కొండగా, లోయగా వంపులు తిరుగుతుందని చెప్పే నాలుగో పాదానికి మాత్రం నాలుగు. ఆ నేలలాగే పాదమూ సాగింది! అది పట్టుకున్నప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అంత్యప్రాసలు లాన్–స్ట్రాన్, డాల్–సాల్. లాన్, స్ట్రాన్ చివర ‘డ్’ రాస్తారు కానీ పలకరు. రెండో, అయిదో పాదాలకు జోడీ లేదు, నాలాగా అర్ధరాత్రి దాకా వెతకకండి. పాట విని ఛందస్సు పట్టాలని కూడా చూడకండి. 1835లో క్రోయర్ కట్టిన బాణీకి తన తాళం తనకుంది. దేశాన్ని ప్రేమ దేవత ఫ్రాయా మందిరం అనడం రూపకం, అది సులువే.

‘బ్రేడె బోయె’, అంటే విశాలమైన బీచ్ చెట్లు, అందులోని బకారాల జంటను తరగతిలో అందరికంటే ముందు పట్టింది నేనే. యతిమైత్రికి అలవాటుపడిన చెవి మరి. నిన్న సుద్దముక్కతో బోర్డు మీద మూడు దెబ్బలు తట్టి చూపించాక, యతి అంటే ఏమిటని టీచరే అడిగారు. ఉత్పలమాల పాదం ఒకటి రాసి, మొదటి అక్షరం కింద, పదో అక్షరం కింద గీతలు గీశాను.