దర్పం, ఒక దిద్దుబాటు

చెన్నైలో, వెస్ట్ మాంబళంలో, మా పక్కవీధి ఇంట్లో ఆదివారం పొద్దున్నే గీతా పారాయణం. పదిమందిమి, అందరం తెలుగువాళ్ళమే. కాఫీ వేళకి మాత్రం మాటలు తమిళంలోకి జారిపోతాయి. ఈమధ్య పదహారో అధ్యాయం మొత్తం, 24 శ్లోకాలూ, పుస్తకం ముట్టకుండా చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. ఇల్లు చేరేదాకా కాళ్ళు నేలమీద ఆనలేదు.

మరుసటి ఆదివారం అదే అధ్యాయం, నాలుగో శ్లోకం. దంభం, దర్పం, క్రోధం లాంటి ఆసురీ గుణాల్ని వరసగా చెప్పేది.

దంభో దర్పోఽభిమానశ్చ క్రోధః పారుష్యమేవ చ ।
అజ్ఞానం చాభిజాతస్య పార్థ సంపదమాసురీమ్ ॥

మాలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఎనభై దాటాయి. ఒళ్ళో పుస్తకం ఉంటుంది గానీ చూడరు. ఆవిడ "దర్పోఽతిమానశ్చ" అన్నారు. నేను ఊరుకోవచ్చుగా! "అతిమాన కాదు పిన్నిగారూ, అభిమాన" అన్నాను, అందరికీ వినపడేలా. "అట్లాగా అమ్మా? మా నాయన అట్లే చెప్పించినారు" అని ఆవిడ తలొంచుకున్నారు.

ఇంటికొచ్చి శంకరభాష్యం తీస్తే ఆయన పాఠం "అతిమానశ్చ"! కిందటి శ్లోకంలో "నాతిమానితా" వచ్చింది కదా, అతిమానం సంగతి అక్కడే చెప్పానని ఒక్క ముక్కతో దాటేశారు కూడా. రెండు పాఠాలూ ఉన్నాయి. నాకు తెలిసింది ఒకటి.

సరే, పుస్తకం ఎలాగూ తెరిచాను కదా అని దర్పం దగ్గర ఆగాను. ఈ మాటని మనం తెలుగులో కాస్త ముద్దు చేశాం. పొగరు, కండకావరం, మిడిసిపాటు అంటే తిట్టే. "ఎంత దర్పంగా కూర్చున్నాడో" అంటే మాత్రం సగం మెచ్చుకోలు. పట్టుపంచె, మెలేసిన మీసం కళ్ళముందు కొస్తాయి. శంకరులు దాన్ని ధనం, అయినవాళ్ళు మొదలైనవాటి వల్ల కలిగే ఉత్సేకం అన్నారు. ఉత్సేకమంటే పొంగు. పాలు పొంగేటప్పుడు గిన్నెలో ఒక్క చుక్కా పెరగదు, ఉన్న పాలే పైకి లేస్తాయి.

పద్దెనిమిదో అధ్యాయం 53వ శ్లోకం దగ్గర ఆయన ఇంకా లోతుకి వెళ్ళారు. హర్షం వెనకాలే వచ్చేది దర్పమట. "హృష్టో దృప్యతి, దృప్తో ధర్మమతిక్రామతి" అని స్మృతివాక్యం చూపించారు. ఆపస్తంబ ధర్మసూత్రంలోనూ ఉన్న మాటే. సంతోషించినవాడికి దర్పం వస్తుంది, దర్పం వచ్చినవాడు ధర్మం దాటుతాడు. ఏమీ లేని విస్తరే ఎగిరెగిరి పడుతుందని మన సామెత. ఇక్కడ వేలు చూపించింది నిండు విస్తరి వైపు! నా లెక్కలో హర్షానికీ దర్పానికీ మధ్య సరిగ్గా ఏడు రోజులు.

అన్నట్టు, దర్పణమూ ఆ ధాతువులోంచి వచ్చిందే. పూజలో అద్దం స్వామివైపు తిప్పి చూపిస్తాం.

మొన్న ఆదివారం ఆవిడతో చెప్పుకుందామని అరగంట ముందే వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని, పుస్తకంలో పెన్సిలుతో ఏదో దిద్దుకున్నారు. కళ్ళు మూసుకుని పెదవుల్లోనే వల్లె వేస్తున్నారు: "దర్పోఽభిమానశ్చ... అభిమానశ్చ..."