ఇయోస్ దీవికి వెళ్లాలంటే ముందు గాలి సంగతి చూసుకోవాలి

ఇయోస్‌లో ఎయిర్‌పోర్టు లేదు. గ్రీసు దేశానికి చెందిన, ఏజియన్ సముద్రంలో, సైక్లడీస్ దీవుల్లో, నాక్సోస్‌కూ శాంటోరినికీ మధ్య ఉన్న ఈ చిన్న దీవికి ఓడ ఎక్కే వెళ్లాలి. జనాభా రెండు వేల పైచిలుకు. వేసవి వస్తే బీచ్‌ల కోసం, రాత్రి పార్టీల కోసం యూరప్ కుర్రకారు ఇక్కడికి తరలివస్తుంది. బీచ్‌ల ఫొటోలు చూసి ముచ్చటపడేవాళ్లకు నేను ముందు చెప్పేది మాత్రం ఓడల సంగతే.

వీసా గురించి రెండు మాటల్లో చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి వెళ్లే మాకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. దీవులు మారుతూ తిరిగే ప్లాన్ కాబట్టి ఏ తేదీన ఏ దీవి, ఏ హోటల్ అని ఒక పట్టిక రాసి కవరింగ్ లెటర్‌కు జత చేశాను. పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా టెన్షన్ తప్పలేదు.

ఇక అసలు విషయం గాలి. జూలై, ఆగస్టుల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి వీచే గాలిని అక్కడ మెల్టెమి అంటారు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, కానీ సముద్రం మాత్రం అల్లకల్లోలంగా ఉంటుంది. గాలి పెరిగితే ముందు వేగంగా వెళ్లే కటమరాన్లను (రెండు పడవలు జతచేసినట్టుండే ఓడలను) ఆపేస్తారు. కార్లనూ లారీలనూ ఎక్కించుకునే పెద్ద ఫెర్రీలు ఇంకాస్త గాలిని తట్టుకుంటాయి. అందుకే మేం సెప్టెంబరు ఎంచుకున్నాం. అప్పటికి గాలి జోరు కాస్త తగ్గుతుంది, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి.

అయినా శాంటోరిని నుంచి మేం ఎక్కాల్సిన కటమరాన్ ఆ రోజు రద్దయింది. ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, అంతే. రేవు దగ్గర టికెట్ల కౌంటర్‌లో అడిగితే డబ్బు వాపసు ఇచ్చి, సాయంత్రం వచ్చే పెద్ద ఫెర్రీకి టికెట్ ఇచ్చారు. ఆ ఫెర్రీ డెక్ మీద నిలబడి శాంటోరిని కొండ అంచులు వెనక్కి జరుగుతుంటే చూడడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కటమరాన్‌లో అయితే అద్దాల వెనక సీట్లో కూర్చోవాల్సిందే. సమయం ఉన్నవాళ్లు పెద్ద ఫెర్రీనే ఎక్కండి.

ఇయోస్‌లో మూడు చోట్లు గుర్తుంటే చాలు: కింద రేవు, పైన కొండ మీద ఖోరా అనే ఊరు, దానికి అటువైపు కింద మైలోపోటస్ బీచ్. మూడింటినీ కలుపుతూ బస్సు తిరుగుతుంది. గది ఎక్కడ తీసుకోవాలన్నదే ముఖ్యం. ఖోరా నడిబొడ్డున తీసుకుంటే తెల్లవారేదాకా పాటలు వినిపిస్తాయి. మేం ఊరి అంచున తీసుకున్నాం, నడిచి వెళ్లే దూరంలో, నిద్ర పట్టేంత దూరంలో.

ఖోరా సందుల్లోకి కార్లు రావు. తెల్ల సున్నం వేసిన ఇళ్లు, మెట్లు, మలుపు తిరిగితే ఒక చిన్న చర్చి. సూర్యాస్తమయానికి అందరూ పైనున్న పనాయియా గ్రెమియోటిసా చర్చి దగ్గరికి ఎక్కుతారు. అక్కడి నుంచి దిగి తొమ్మిదింటికో పదింటికో భోజనాలు. బార్లు నిండేది అర్ధరాత్రి అయ్యాకే. పగలు పిల్లులు తప్ప ఎవరూ కనిపించని ఆ చిన్న కూడలిలో ఒంటిగంటకు కాలు పెట్టే చోటుండదు. మా ఆయనకు డాన్స్ అంటే ప్రాణం, నాకు జనాన్ని చూడడం ఇష్టం. ఇద్దరికీ తృప్తిగా గడిచింది. మరీ చవగ్గా ఇచ్చే షాట్ల జోలికి మాత్రం వెళ్లకండి, గ్రీసు పార్టీ దీవుల్లో కల్తీ మద్యం బెడద ఉంది. తాగి స్కూటర్ నడపడం అసలు వద్దు, అవన్నీ కొండ రోడ్లు.

తిండికి ఇబ్బంది పడలేదు. నేను శాకాహారిని. ఫావా తెప్పించుకుంటే అచ్చం మన ముద్దపప్పులా వచ్చింది, మీద ఉల్లిపాయ ముక్కలూ ఆలివ్ నూనే తేడా. బియ్యం కూరిన టమాటాలు, జిగాంతెస్ అనే పెద్ద చిక్కుడుగింజల కూర కూడా దాదాపు అన్నిచోట్లా దొరికాయి. 'నిస్తీసిమో' అని అడగండి. అది వాళ్ల ఉపవాస భోజనం, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి మాత్రం అందులో చెల్లుతాయి కాబట్టి అవి వద్దని విడిగా చెప్పాలి.

ఒక రోజు కారు అద్దెకు తీసుకుని దీవి ఉత్తరపు కొసకు వెళ్లాం. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అడుగుతారు. మా ఆయన ఇక్కడ ఆర్టీఏ ఆఫీసులో ముందే తీసుకున్నారు. ఆ కొసన, ప్లాకోటోస్ అనే చోట, హోమర్ సమాధి అని చూపించే రాళ్లున్నాయి. ఇలియడ్, ఒడిస్సీ అనే ప్రాచీన గ్రీకు కావ్యాల కవి హోమర్ ఇక్కడే చనిపోయాడని, ఆయన తల్లి ఈ దీవి మనిషేనని ప్రాచీన కాలం నుంచే చెప్పుకుంటున్నారు. రుజువైతే లేదు. కానీ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే ఇయోస్ వాళ్లు హోమర్ ముఖంతో నాణేలు ముద్రించారు. ఒక కవి తమవాడని చెప్పుకోవడానికి నాణెం మీద ఆయన ముఖం వేసుకున్న ఊరిని పార్టీల దీవి అని మాత్రమే పిలవడం నాకు బాధగా అనిపిస్తుంది. రాత్రి డాన్స్ చేసినవాళ్లు కూడా ఒక్క ఉదయం ఇటు రావాలి. ఖోరాకు దగ్గర్లోనే స్కార్కోస్ అనే కంచు యుగపు ఊరి శిథిలాలు ఉన్నాయి, వాటినీ వదలొద్దు.

తిరుగు ప్రయాణంలో విమానం ఉన్న రోజే దీవి నుంచి బయల్దేరే ప్లాన్ పెట్టుకోవద్దు. మేం ఒక రోజు ముందే పెద్ద ఫెర్రీలో ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవుకు చేరాం. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు నేరుగా మెట్రో ఉంది. ఈసారి గాలి అడ్డు రాలేదు, చేతిలో మిగిలిన రోజంతా అక్రోపోలిస్ మ్యూజియంలో గడిపాం.