రాగి రేకుకు అయిదు వాట్ల ఆకుపచ్చ లేజర్: నా అనుభవం

రాగి రేకు మీద సన్నటి గీతలు పడాలి, అయిదు వాట్లు చాలు అన్నాడు కస్టమర్. వాట్లు ఒక్కటే చెబితే డిజైన్ మొదలవదు. సెకనుకు ఎన్ని పల్సులు, ఒక్కోటి ఎంతసేపు, మధ్యలో ఎన్నిసార్లు ఆగుతుంది అని అడిగి రాసుకున్నాను. 20 కిలోహెర్ట్జ్ (సెకనుకు 20 వేల పల్సులు), ఒక్కోటి 15 నానోసెకన్ల లోపు అని తేలింది. అంటే పల్సుకు 250 మైక్రోజౌల్స్. ఇలాంటి లేజర్ క్రిస్టల్ నేరుగా ఇచ్చే, కంటికి కనబడని 1064 నానోమీటర్ల కాంతిని రాగి దాదాపు అంతా వెనక్కి కొట్టేస్తుంది, ఆకుపచ్చ కాంతి అయిన 532ను బాగా పీల్చుకుంటుంది. అందుకే ఆకుపచ్చ.

లేజర్ కాంతి పుట్టే క్రిస్టల్‌గా నియోడిమియం వనడేట్ తీసుకున్నాను. ఇందులో శక్తి సుమారు 100 మైక్రోసెకన్లు నిలుస్తుంది, ఇంకో లేజర్ క్రిస్టల్ అయిన యాగ్‌లో 230. పల్సుల మధ్య ఎడం 50 మైక్రోసెకన్లే కాబట్టి వనడేట్ చాలు, పైగా పల్స్ పొట్టిగా వస్తుంది. అదే సెకనుకు వెయ్యి పల్సులు అడిగి ఉంటే, ఆలోచించకుండా యాగే.

అసలు తిప్పలు వేడితో. క్రిస్టల్‌కు శక్తినిచ్చే 808 నానోమీటర్ల డయోడ్ లేజర్‌తో 30 వాట్లు పంపితే, పీల్చుకున్న దాంట్లో కనీసం 24 శాతం క్రిస్టల్‌లోనే వేడిగా మిగులుతుంది. మూడు మిల్లీమీటర్ల ముక్కలో ఏడు వాట్లు! నడిమి భాగం వేడెక్కి లెన్స్‌లా పనిచేస్తుంది. డయోడ్ 10 వాట్ల దగ్గర ఉన్నప్పుడు బుద్ధిగా ఉన్న కిరణం 25 దాటగానే చెదిరింది. అద్దాల దూరాలు చల్లటి క్రిస్టల్‌కు లెక్కగట్టడమే తప్పు; డయోడ్ పూర్తి శక్తి పంపేటప్పుడు వచ్చే లెన్స్‌కు మళ్లీ లెక్కగట్టాను. డోపింగ్ (క్రిస్టల్‌లో కలిపే నియోడిమియం పాలు) 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గిస్తే వేడి పొడవునా పరుచుకుంది. క్రిస్టల్‌కు ఇండియం రేకు చుట్టి రాగి దిమ్మెలో బిగించాలి. ఎక్కడైనా ఖాళీ ఉంటే పగులుతుంది.

1064 కాంతిని ఆకుపచ్చగా మార్చేందుకు ఎల్‌బీఓ అనే మరో క్రిస్టల్, 149 డిగ్రీల ఓవెన్‌లో. అదే పనిచేసే కేటీపీ క్రిస్టల్ చవకే గానీ, ఈ పవర్‌లో రోజులు గడిచేకొద్దీ బూడిదరంగు తిరుగుతుంది.

పరీక్షలో ప్రతి గీత మొదట్లో ఓ మాడిన చుక్క కనిపించింది. ఆగినప్పుడు పోగైన శక్తి అంతా మొదటి పల్సులోనే వచ్చిపడుతోంది. శక్తిని ఆపి ఒక్కసారిగా పల్సుగా వదిలే క్యూ-స్విచ్ డ్రైవర్‌లో మొదటి పల్సులను తగ్గించే సెట్టింగ్ పెట్టాక పోయింది.

చల్లబరిచే నీళ్లు తిప్పే చిల్లర్‌ను మొదట 20 డిగ్రీలకు పెట్టాను. యంత్రం వెళ్లేది విశాఖకు. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 26 దగ్గరే గాలిలోని తేమ నీటి బొట్లుగా పడుతుంది, డయోడ్ మీద నీటి బొట్టు అంటే డయోడ్ పోయినట్టే. 28కి మార్చి, డయోడ్ తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్ జరుగుతుంది గనక 28 దగ్గర 808 ఇచ్చే దాన్నే ఎంచి బిగించాను.