ఫోర్‌బైఫోర్ టైరు: సైజు అడిగే ముందు నేల చూడండి

మారుతి జిమ్నీకో మహీంద్రా థార్‌కో టైర్లు మార్చడానికి షాపుకి వెళ్ళేవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "దీనికి ఎంత పెద్దది పడుతుంది?" ఆ ప్రశ్నకి జవాబు తేలికే. అసలు అడగాల్సింది బండి ఏ నేల మీద ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందని. ఏడాదికి 12,000 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. నెలకో ఆదివారం వికారాబాద్ వైపు వెళ్ళి 30 కిలోమీటర్లు మట్టిలో తిరిగినా ఏడాదికి 360, అంటే మూడు శాతం. మిగతా తొంభై ఏడూ తారు, సిమెంటు, ఫ్లైఓవర్ జాయింట్లు, వానాకాలంలో మోకాలిలోతు నీళ్ళు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే షాపుకి వెళ్ళండి.

డ్రైవర్ తలుపు తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ కనిపిస్తుంది. కంపెనీ చెప్పిన సైజు, గాలి రెండూ దాని మీదే ఉంటాయి. 2020లో వచ్చిన థార్ ఎల్‌ఎక్స్‌కి 255/65 ఆర్18. ఇందులో 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు, దాదాపు 166 మి.మీ. 18 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. మొత్తం ఎత్తు కావాలంటే రిమ్ము అంగుళాలని 25.4తో హెచ్చించి, సైడ్‌వాల్‌ని రెండింతలు చేసి కలపాలి: 457 + 332 = 789 మి.మీ. ఇదే థార్‌లో తక్కువ ధర వేరియంట్‌కి ఇచ్చిన 245/75 ఆర్16 ఎత్తు 774. పదిహేను మిల్లీమీటర్లు పొట్టిదే కానీ సైడ్‌వాల్ 184 మి.మీ. ఉంటుంది. రాళ్ళ మీద గాలి తగ్గించి నడిపితే సాగేదీ, రిమ్ముని కాపాడేదీ ఆ సైడ్‌వాలే. చూడటానికి బాగుందని జనం 18 అంగుళాల వెంట పడతారు గానీ దారి లేని చోట పనికొచ్చేది 16 అంగుళాలదే.

జిమ్నీకి వచ్చేది 195/80 ఆర్15, ఎత్తు 693 మి.మీ. ఎక్కువమంది వేయించేది 215/75 ఆర్15, దాని ఎత్తు 703.5. తేడా ఒకటిన్నర శాతం. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా మామూలుగా ఎక్కడా రాసుకోదు, ఇంజను లాగుడులో తేడా తెలియదు. కొంతమంది అక్కడ ఆగకుండా 235/75 ఆర్15కి వెళతారు. 733.5 మి.మీ., అంటే దాదాపు ఆరు శాతం పెద్దది. ఇక్కడి నుంచే చిక్కులు. జిమ్నీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు. 235/75 టైరుకి కనీసం 6 అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ముకి ఎక్కిస్తే టైరు మధ్యలో ఉబ్బి అంచులు లోపలికి లాక్కుపోతాయి, మధ్య ట్రెడ్ (నేలని తాకే భాగం) ముందు అరుగుతుంది, గాలి తగ్గించినప్పుడు బీడ్, అంటే రిమ్ముని పట్టుకునే టైరు అంచు, రిమ్ము నుంచి జారే ప్రమాదం పెరుగుతుంది. "పడుతుంది సార్, చాలా బండ్లకి వేశాం" అంటారు షాపువాళ్ళు. ఎక్కడం వేరు, సరిపోవడం వేరు.

ఆరు శాతం ఎత్తు పెరిగితే ప్రతి గేరూ ఆరు శాతం పొడవవుతుంది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ లాగే తక్కువ వేగపు గేరులో) బండి మెల్లగా పాకే గుణం ఆ మేరకు తగ్గుతుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది, అమీర్‌పేట ట్రాఫిక్‌లో రెండో గేరులో పోయే చోట మొదటి గేరు వేయాల్సి వస్తుంది. మీటరు 10,000 చూపిస్తే బండి నిజానికి 10,500 దాటి తిరిగి ఉంటుంది, కాబట్టి సర్వీసు లెక్క కూడా తప్పుతుంది. ఇంతా చేస్తే కింద పెరిగే ఎత్తు తేడాలో సగమే, 20 మి.మీ. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ బరువు మాత్రం మొత్తం పెరుగుతుంది. కొన్నాళ్ళకి కీళ్ళు వదులై తలుపు గలగలమంటుంది. అందుకని అసలు ఎత్తుకి రెండు శాతం లోపే ఉండండి. మూడు దాటితే సస్పెన్షన్, గేరింగ్, స్టెప్నీ బిగింపు అన్నీ కలిపి ఆలోచించాల్సిన ప్రాజెక్టు అది, టైర్ల కొనుగోలు కాదు.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీయే ఇచ్చిన సైజు అయితే పేచీ తక్కువ. ఫెండర్ దాటి బయటికి వచ్చిన టైరు పోలీసుకీ, ప్రమాదమైతే బీమా సర్వేయరుకీ దూరం నుంచే కనిపిస్తుంది.

సైజు తర్వాత ఉండే అంకె, అక్షరం చాలామంది చూడరు. 96ఎస్ అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, 180 కిలోమీటర్ల వేగం వరకు ఆగుతుంది. క్యూ అయితే 160, టీ అయితే 190, హెచ్ అయితే 210. లోడ్ ఇండెక్స్ కంపెనీ ఇచ్చినదానికన్నా ఒక్క అంకె కూడా తగ్గకూడదు. అలాగని అవసరానికి మించి గట్టి టైరు కూడా వద్దు. సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది బరువు మోసే లైట్ ట్రక్ టైరు. అదే బరువుకి దానికి గాలి ఎక్కువ పట్టాలి. పన్నెండు వందల కిలోల జిమ్నీకి పది ప్లై (పొరల) రేటింగ్ టైరు వేస్తే సైడ్‌వాల్ కర్రలా ఉంటుంది. గాలి తగ్గించినా పరుచుకోదు, గుంతలో పడితే నడుం పట్టేస్తుంది.

ఇక రకం. హెచ్‌టీ రోడ్డు టైరు. మట్టి అసలు తొక్కనివాళ్ళకి అదే మంచిది, అందులో చిన్నతనమేం లేదు. ఏటీ మధ్యరకం. ఎంటీ బురద టైరు. ఈ రెండింటి మధ్య ఆర్‌టీ అని మరో రకం వచ్చింది, కనిపించడం ఎంటీలా, నడవడం దాదాపు ఏటీలా.

మన హైదరాబాద్ చుట్టుపక్కల నేల ఒక్క తీరుగా ఉండదు, టైరు రకాన్ని తేల్చేది అదే. చల్కా (ఎర్ర ఇసుక) నేల నీళ్ళు త్వరగా వదిలేస్తుంది. వాన తగ్గిన కాసేపటికే పట్టు దొరుకుతుంది, ఏటీ హాయిగా సరిపోతుంది. నున్నటి గ్రానైటు బండ పొడిగా ఉంటే ఏ టైరైనా ఎక్కుతుంది. అక్కడ భయం జారడం కాదు, రెండు బండల సందులో సైడ్‌వాల్ చీలడం. ట్రెడ్‌లో దిగిన మేకుకి ప్లగ్ కొట్టొచ్చు, సైడ్‌వాల్ చీలికకి రిపేరు లేదు. క్వారీ కంకర, సర్కారు తుమ్మ ముళ్ళు కూడా పక్కనుంచే దెబ్బ తీస్తాయి. కాబట్టి ఏటీ కొనేటప్పుడు ట్రెడ్ డిజైన్ కంటే సైడ్‌వాల్‌లో ఎన్ని ప్లైలున్నాయో ముందు చదవండి, టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది.

ఎంటీకి పని ఉన్నది రేగడిలో. తాండూరు, వికారాబాద్ వైపు నల్లరేగడి తడిస్తే ఏటీ ట్రెడ్ గాడుల్లో లడ్డూలా చుట్టుకుంటుంది. రెండు చుట్లు తిరిగేసరికి టైరు నున్నటి గుండు. ఎంటీలో దిమ్మెల మధ్య సందు వెడల్పు, చక్రం వేగంగా తిరిగితే మట్టి విసిరేసి మళ్ళీ పళ్ళు బయటపెడుతుంది. సన్న టైరు బురదని కోసుకుని కింది గట్టి పొరని పట్టుకుంటుందనే మాట ఉంది. అది పైన పలచగా బురద, కింద మొరం ఉన్న చోట నిజం. లోతు రేగడిలో ఆ గట్టి పొర అందదు, సన్న టైరు ఇరుసుదాకా దిగబడుతుంది. అక్కడ గాలి తగ్గించి టైరుని పరవడమే దారి. (సాగు చేసిన చేలోకి మాత్రం ఏ టైరుతోనూ దిగొద్దు, రైతుకి ఆ గాడి పూడ్చడం ఒక రోజు పని.)

మరి ఎంటీనే వేసుకోకూడదా? ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120. జూలై వానలో ఆ వేగంలో బ్రేకు వేస్తే ఎంటీ ఏం చేస్తుందో ఆలోచించండి. పెద్ద దిమ్మెల వల్ల నేలని తాకే రబ్బరు తక్కువ. తడి రోడ్డుని పట్టుకునే సన్నటి కోతలు, అంటే సైపులు, దానికి చాలా తక్కువ. బండి ఆగే దూరం పెరుగుతుంది, మలుపులో వెనకభాగం తేలిపోతుంది. మోత, ఇంధన ఖర్చు సరేసరి. మూడు శాతం మట్టి కోసం తొంభై ఏడు శాతం తడి రోడ్డుని పణంగా పెట్టడమిది. వానాకాలమంతా రేగడి ఊళ్ళకి పని మీద వెళ్ళేవాళ్ళకి తప్ప ఎంటీ అక్కర్లేదు. వీలైతే పాత రిమ్ములకి ఎంటీ సెట్టు విడిగా పెట్టుకోండి, అదే నయం.

ఏ రకమైనా నాలుగూ ఒకటే సైజు, ఒకటే మోడల్, ఒకటే అరుగుడు ఉండాలి. థార్, జిమ్నీలది పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్; ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగే మామూలు గేరులో) ముందు, వెనక ఇరుసులు కట్టేసినట్టు తిరుగుతాయి. ముందు అరిగిన జత, వెనక కొత్త జత ఉంటే చుట్టుకొలతలో వచ్చే తేడా ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజను శక్తిని రెండు ఇరుసులకీ పంచే పెట్టెలో) మెలిపెడుతుంది. బురదలో చక్రం జారి ఆ బిగువు విడిపోతుంది, గట్టి నేల మీద విడిపోదు. లీవరు తిరిగి టూ హైకి (రెండు చక్రాలే లాగే గేరుకి) రాకుండా మొరాయిస్తే ముందు టైర్లు కొలవండి.

గాలి విషయంలో పట్టింపు కావాలి. స్టిక్కర్ మీద అంకె చల్లటి టైరుకి. పొద్దున బండి తీయకముందే కొలవాలి. మే నెలలో ఔటర్ మీద గంట నడిపాక నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపించడం సహజం, అది తీసేయకూడదు. మట్టిలో 20 నుంచి 18, వాగు ఇసుకలో 16 వరకు తగ్గించొచ్చు. బీడ్‌ని బిగించి ఉంచే బీడ్‌లాక్ లేని రిమ్ముకి 15 కిందికి వెళ్ళొద్దు. తగ్గించాక వేగం 30 దాటొద్దు, స్టీరింగ్ ఒక్కసారిగా కొయ్యొద్దు. తారెక్కే ముందే 12 వోల్టుల కంప్రెసర్‌తో నింపండి. పెట్రోలు బంకులో చూసుకుందాంలే అని 18తో హైవే ఎక్కితే సైడ్‌వాల్ లోపల వేడెక్కి పొరలు విడిపోతాయి, బయటికి ఏమీ కనిపించదు. టైర్లలో నైట్రోజన్ నింపించడానికి పెట్టే డబ్బులు మంచి గేజికి పెట్టండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

కొనేటప్పుడు టైరు పక్కన అచ్చువేసిన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి, అది తయారైన తేదీ. 1424 అంటే 2024లో 14వ వారం. ఏడాది లోపుది అడిగి తీసుకోండి, స్టెప్నీతో కలిపి ఐదింటికీ తేదీలు దగ్గరగా ఉండాలి. మన ఎండకి ట్రెడ్ మిగిలినా ఆరేళ్ళకి రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది. చట్టం ఒప్పుకునే కనీస ట్రెడ్ 1.6 మి.మీ., కానీ వానాకాలానికి 3 ఉండగానే మార్చడం మేలు. బిగించాక వాల్వులు కొత్తవి వేశారో లేదో చూడండి, అలైన్‌మెంట్ చేయించండి. నట్లు గన్నుతో కాకుండా టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగించమనండి, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి.

స్టెప్నీ కూడా అదే టైరు అయితే ప్రతి 8,000 కిలోమీటర్లకి ఐదింటినీ తిప్పండి. వెనక రెండూ నేరుగా ముందుకి, ముందు కుడిది వెనక ఎడమకి, ముందు ఎడమది స్టెప్నీగా, స్టెప్నీ వెనక కుడికి. తిరిగే దిశ బాణం గుర్తు ఉన్న టైర్లకి ఇది పనికిరాదు, వాటిని ఏ పక్కవి ఆ పక్కనే ముందు వెనకలు మార్చాలి.